నాలుగు టక్కులు, ఒక నల్ల గడి

అనగనగా ఒక అడవిలో, పిల్లలూ, ఎండలకు వాగులన్నీ ఇంకిపోయి ఒకే ఒక్క ఊట మిగిలింది. దేవుడు అందరికీ ఇచ్చిన నీళ్ళే అవి. తోడేలు మాత్రం "ఊట నాది" అని అడ్డంగా కూర్చుంది.

"ఏడుగురు పిల్లలు మామా! గొంతులు ఎండిపోతున్నాయి," అంది కుందేలమ్మ.

ఆ అడవిలో తగవు వస్తే చదరంగం ఆడాలి. గెలిచినవారిదే ఊట. ఆట సమమైతే ఇద్దరిదీ.

లెక్క చెప్పేది వడ్రంగి పిట్ట. ఎవరి బలగం ఎంత ఎక్కువో అన్ని టక్కులు కొడుతుంది. బంటుకు ఒకటి, శకటుకు మూడు. మూడు దాటాయంటే ఎదుటివారు తమ రాజును పడుకోబెట్టి ఓటమి ఒప్పుకోవాలి. కాదు, ఆడతానని ఆడి ఓడితే అడవి వదిలిపోవాలి. ఆ భయంతో అక్కడ ఏ ఆటా చివరిదాకా సాగిందే లేదు!

ఆట మొదలైంది. ఆడగా ఆడగా తోడేలుకు రాజు, ఒక శకటు, అంచు వరుసలో ఒక బంటు మిగిలాయి. ఆ బంటు మూలకు చేరితే మంత్రి అయిపోతుంది. కుందేలమ్మకు మిగిలింది ఒంటరి రాజు, ఆ మూలనే, నల్ల గడిలో.

టక్, టక్, టక్, టక్!

"విన్నావా? నాలుగు!" తోడేలు పళ్ళు ఇకిలించింది. "రాజును పడుకోబెట్టు. రోజుకో గుక్కెడు నీ పిల్లలకు పోస్తాలే. ఆడి ఓడావో, ఊటా లేదు, అడవీ లేదు."

కుందేలమ్మ రాజు మీద కాలు వేసింది. "స్వామీ, దారి చూపు," అని కళ్ళు మూసుకుంది. తెరిచి బల్లవంక చూసింది. శకటు ఏటవాలుగా నడుస్తుంది కదా! తోడేలు శకటు తెల్ల గడులది. ఎన్ని ఎత్తులు వేసినా తెల్ల గడుల్లోనే తిరగాలి. తన మూల నల్లది!

"ఆడతాను మామా."

జంతువులన్నీ బల్ల చుట్టూ మూగాయి.

తోడేలు శకటును ఉరికించింది. కుందేలమ్మ రాజు పక్క గడికి జరిగి మళ్ళీ మూలకే వచ్చింది, ఆ చోటు వదల్లేదు. టక్, టక్, టక్, టక్! తోడేలు తన రాజును దగ్గరికి తెచ్చింది. మళ్ళీ నాలుగే.

"పిట్టా! గెలుస్తున్నానా లేదా?"

"నాలుగు ఎక్కువున్నాయి దొరా!"

"మరి ఇది మూల వదలదేం?"

"అది నా లెక్కలోకి రాదు దొరా!"

తోడేలుకు చిర్రెత్తుకొచ్చింది. బంటును ఒక్క తోపు తోసింది. ఇక మూలకు ఒక్క గడే దూరం.

కుందేలమ్మ వంతు. ఒక పక్క గడికి బంటు కాపలా. ఇంకో పక్క గడికి తోడేలు రాజు కాపలా. ఎదురుగా ఉన్న బంటును కొడదామంటే దానికీ ఆ రాజే అండ. కదలడానికి చోటే లేదు!

"అయిపోయింది!" తోడేలు ఎగిరి గంతేసింది.

"ఆగరా," అంది పెద్దమనిషిగా కూర్చున్న తాబేలు తాత. "ఇప్పుడు ఆ రాజును ఏది కొడుతోంది?"

తోడేలు వంగి చూసింది. ఇంకా వంగి చూసింది. "ఏదీ... లేదు తాతా."

"ఆపద లేని రాజుకు కదిలే చోటు లేకపోతే ఆట సమం. ఊట ఇద్దరిదీ!"

ఆ మాట పూర్తికాకముందే ఏడు చిన్న మూతులు నీళ్ళలో మునిగాయి.

తోడేలు పిట్టవైపు ఉరిమి చూసింది. "నాలుగు ఎక్కువన్నావుగా!"

"ఇప్పటికీ ఎక్కువే దొరా," అంది పిట్ట.

నీతి: ఎదుటివాడి బలం ఎంతో విని ఓటమి ఒప్పుకోకండి, ఆ బలం మిమ్మల్ని తాకగలదో లేదో మీ కళ్ళతో చూసుకోండి.