సొల్లు కబుర్ల చాటింపు

కోటలో వడ్లు దంచే ఆడవాళ్లు రోజంతా సొల్లు కొడుతున్నారనీ, ఇకపై నోరు తెరిచినవాళ్లకు పని పోతుందనీ మంత్రి విరూపాక్షయ్య చాటింపు వేయించాడు. మగవాళ్లు అరుగుల మీద కూర్చుని కొట్టేదాన్ని మాత్రం ఆయన చర్చ అనేవాడు.

మర్నాడే ఆ ఆడవాళ్లలో ఒకతె, పైడమ్మ, పని పోయింది. ఆమె రోకలి పక్కన పెట్టి నేరుగా సభకు వచ్చింది.

"దొరా, నేనేం మాట్లాడానని పని తీసేశారు?" అని రాజును అడిగింది.

"ఏముంది, అర్థం పర్థం లేని సొల్లు!" అన్నాడు మంత్రి.

"అయితే ఆ సొల్లే ఇక్కడ ఒక్కసారి చెబుతాను, సరదాగా వినండి. మన కోటకు వచ్చిన కొత్త వడ్లు..."

"నోరు ముయ్యవే! రాజుగారి ముందా అది?" అంటూ మంత్రి లేచి నిలబడ్డాడు.

"ఉత్త సొల్లుకు మీకు చెమటలెందుకు పడుతున్నాయి, మంత్రిగారూ?"

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు రాజు.

పైడమ్మ చెప్పింది. కొత్త వడ్లన్నీ మంత్రి ఇంటికి పోతున్నాయి, పుచ్చు వడ్లు కోటకు వస్తున్నాయి. భటులు వెళ్లి మంత్రి ఇంటి కొట్టు తెరిస్తే, రాజముద్ర ఉన్న బస్తాలు బయటపడ్డాయి.

పైడమ్మ మళ్లీ రోకలి పట్టింది, కబుర్లూ మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆడవాళ్ల మాటల్ని ఎవరు సొల్లు అన్నా, రాజు ముందుగా ఆ మాట అన్నవాళ్ల ఇంటి కొట్టు తాళంచెవి అడిగేవాడు.