బాలక్క గంజి

మన తాతల తాతలు ఇంకా గోచీ కట్టని కాలంలో, ఎర్రమట్టి మెట్టమీద ఒక ఊరుండేది. ఆ ఊరి బడిలో మద్దిలేటి అనే అయ్యవారు పిల్లలకు చదువు చెప్పేవాడు.

పలకలు పట్టిన చేతులకు ఆయన పారలు కూడా ఇచ్చాడు. బడి వెనక రాళ్ళు ఏరించాడు, నేల దున్నించాడు, కొర్రలు విత్తించాడు. దానికి పిల్లల సేద్యం జట్టు అని పేరు పెట్టాడు.

"చదువుకి పంపితే మట్టి పిసికిస్తాడేందబ్బా" అని పెద్దలు నవ్వారు.

పంట వచ్చింది. పిల్లలు మంచి కంకులు ఏరి, గింజలు రాల్చి, పెద్ద కుండలో పోశారు.

"ఇవి తినేవి కావు, విత్తేవి" అని అయ్యవారు కుండ మూతికి మట్టి మెత్తాడు.

ఆ తర్వాత వాన మొహం చాటేసింది. ఒక ఏడు పోయింది. రెండో ఏడు పోయింది. జనం ముందు గొడ్లను అమ్ముకున్నారు, తర్వాత విత్తనాలు తిన్నారు, తర్వాత ఆకులు ఉడకేసుకున్నారు. ఊళ్ళో విత్తనమంటూ మిగిలింది ఆ కుండలోనే.

మొదట ఊరి రెడ్డి వచ్చాడు. "కుండ తియ్యి అయ్యవారూ, ఊరు ఆకలితో ఉంది."

"అవి పిల్లలవి రెడ్డీ, నావి కావు."

తర్వాత ముసలోళ్ళు వచ్చారు. "ఒక్క పూట గంజి చాలు నాయనా."

"అవి పిల్లలవి తాతా, నావి కావు."

మూడోసారి ఆయన భార్య చెన్నమ్మ వచ్చింది. చంకలో కూతురు బాలక్క. పిల్లకు మెడ నిలబడటం లేదు.

"ఒక్క పిడికెడు. ఇది పిల్ల కాదా?" అంది.

అయ్యవారు కుండమీద చెయ్యి పెట్టాడు. పిడికెడు తీస్తే వాకిట్లో ఎందరు చేతులు చాస్తారో. తీయకపోతే పోయేది ఇంట్లో ఒక్కతే. చెయ్యి తీసేశాడు.

"అవి పిల్లలవి" అన్నాడు. ఈసారి 'నావి కావు' అనలేదు.

బాలక్క పోయింది. పూడ్చిన మట్టి ఆరకముందే వాన పడింది. పిల్లలు చేను చేనుకీ గింజలు మోశారు, విత్తారు. ఊరు బతికింది. చెన్నమ్మ మాత్రం మొగుడితో మాట్లాడలేదు. ఆయన ఆ పంట ముద్ద నోట పెట్టలేదు.

కోతలయ్యాక జట్టు మళ్ళీ కుండ నింపింది. అయ్యవారు మట్టి పిసుకుతుంటే చెన్నమ్మ వచ్చి, కుండలోంచి పిడికెడు తీసింది. ఆయన చూస్తూ ఊరుకున్నాడు. ఆమె గంజి కాచింది. పక్కింటి పసిదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గిన్నె ఖాళీ అయిందాకా తాపింది.

"ఇప్పుడు కుండ మూయి" అంది.

బిడ్డ పోయాక ఆమె ఆయనతో అన్న మాట అదొక్కటే. చలికాలం దాటకుండానే అయ్యవారు కన్నుమూశాడు. పాడె మోసింది జట్టు పిల్లలే.

ఆ మెట్ట ఊళ్ళలో ఇప్పటికీ తొలి గింజ పిల్లలే వేస్తారు, పెద్దలు గట్టున నిలబడతారు. అయ్యవారి విత్తు అంటారు దాన్ని. విత్తనాల కుండ మూసేముందు మాత్రం పిడికెడు గింజలు తీసి, గంజి కాచి, ఒక ఆడపిల్లకు తాపుతారు. ఆ పిల్ల పేరేదైనా, ఆ పూటకు ఊరంతా బాలక్కా అనే పిలుస్తుంది.