తినే వచ్చాను

ఆఫ్రికాలోని మలావి నుంచి తిరిగొచ్చాక సుగుణకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

పొద్దున్నే ఆశ్రమం వాకిలి ఊడ్చేది. వంటింట్లోకి పోయేది. అక్కడ పనేమీ లేదంటే మళ్లీ వచ్చి ఊడ్చిన వాకిలే ఊడ్చేది. బియ్యం ఏరడానికి కూర్చుంటే చేట ఒళ్లో ఉండేది, చూపు ఎక్కడో ఉండేది. లేస్తే ఎందుకు లేచిందో గుర్తుండేది కాదు.

“విమానమెక్కి వచ్చినాక సుగుణమ్మ కాళ్లకు చక్రాలు మొలిచినట్టుండాయి,” అంది వంట చేసే లచ్చమ్మ. అందరూ నవ్వారు. సుగుణా నవ్వింది గానీ చీపురు కింద పెట్టలేదు.

కదిరి దాటాక కొండ పక్కనుండే చిన్న ఆశ్రమం అది. దాన్ని నడిపే ఓబుళమ్మను అందరూ అవ్వ అనే పిలుస్తారు. చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టిన మనిషి. వెనకటి రోజుల్లో ఆమె మాట వినాలని పెద్దిళ్లవాళ్లు వచ్చి గడప బయటే కూర్చునేవాళ్లు. ఎండన పడి వచ్చారు కదా అని ఆమె మంచినీళ్లు తెస్తే, ఇప్పుడే తాగి వచ్చినామమ్మా అనేవాళ్లు. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు ఎవరొచ్చినా బంతిలో కూర్చుని సంగటి తినే పోతారు.

సుగుణ అవ్వ దగ్గర చేరి చాలా ఏళ్లయింది. పెట్టడమే తప్ప పుచ్చుకోవడం తెలియని మనిషని పేరు. అందరి తర్వాత తింటుంది. జ్వరమొచ్చినా ఒకరి చేత గ్లాసుడు కాఫీ పెట్టించుకోదు. ఆ పేరంటే ఆమెకు లోలోపల ఇష్టం కూడా.

తిరుపతి డాక్టరమ్మ వకుళ కొంతమందిని వెంటబెట్టుకుని మలావిలో ఒక పల్లెకు సేవకు పోతూ, అక్కడి ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే మనిషి కావాలని అడిగింది. అవ్వ సుగుణను పంపింది.

సుగుణ పోతూ పోతూ ఒక పెట్టె నిండా తిండి తీసుకుపోయింది. కందిపొడి, చింతకాయ పచ్చడి, అటుకులు, వేయించిన రవ్వ. లేనివాళ్ల ఊరికి పోయి వాళ్ల మీద పడి తినకూడదని ఆమె పట్టు.

వాళ్లు దిగింది బడి గదుల్లో. పక్కిల్లు చిసోమో అనే ఆమెది. కుట్టు నేర్చుకోవడానికి అందరికంటే ముందొచ్చేది ఆమే. సూదిలోకి దారం ఎక్కకపోతే తనను తానే తిట్టుకుని నవ్వేది. సుగుణకు ఆమె మాట రాదు, ఆమెకు సుగుణ మాట రాదు. బడి పంతులు ఇంగ్లీషులో చెబితే డాక్టరమ్మ తెలుగులో చెప్పేది.

రోజూ మధ్యాహ్నం చిసోమో తన గడపలో నిలబడేది. ఒక చేతిలో నీళ్ల జగ్గు, ఇంకో చేతిలో బేసిను. ఇంటికొచ్చినవాళ్ల చేతుల మీద ఇంటామె నీళ్లు పోసి, ఆ తర్వాత పళ్లెం ముందు కూర్చోబెట్టడం అక్కడి మర్యాద. డాక్టరమ్మా మిగిలినవాళ్లూ పోయి చేతులు చాపేవాళ్లు. సుగుణ మాత్రం ముందుగానే గదిలోకి పోయి అటుకులు తినేది. బయటికొచ్చి చూస్తే చిసోమో ఇంకా జగ్గు పట్టుకుని నిలబడే ఉండేది. తినే వచ్చానమ్మా అని సుగుణ పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించేది.

ఆ నీళ్లు చిసోమో దూరంగా ఉన్న బోరింగు నుంచి నెత్తిన మోసుకురావడం సుగుణ చూసింది. వాటిని నా చేతుల మీద పోయించుకోవడమా, అనుకునేది.

వచ్చేసే రోజు చిసోమో పూల గుడ్డలో వేయించిన చెనక్కాయలు మూటకట్టి తెచ్చింది. మోకాళ్లు వంచి, రెండు చేతులతో ఇచ్చింది. మా కదిరి నిండా చెనక్కాయలే తల్లీ, నీ పిల్లలకు పెట్టుకో అని సుగుణ ఆ మూటను మళ్లీ ఆమె చేతుల్లోనే పెట్టింది. డాక్టరమ్మ ఆ మాట పంతులుతో ఎట్లా చెప్పాలో తెలియక ఊరకుంది.

జీపు కదలబోతుండగా చిసోమో పంతులుతో ఏదో అంది. ఊరు దాటాక గానీ డాక్టరమ్మ దాన్ని సుగుణకు చెప్పలేదు. అప్పటి నుంచీ సుగుణకు కుదురు లేదు.

ఇప్పుడు డాక్టరమ్మ మళ్లీ బయల్దేరుతోందని కబురొచ్చింది. సుగుణ పెట్టె సర్దడం మొదలుపెట్టింది. చిసోమో పిల్లలకు గౌన్లు, చిసోమోకు చీర, స్టీలు గిన్నెలు. ఎంత పెట్టినా చాల్లేదనిపించేది. మూత పడేది కాదు. అన్నీ తీసి మళ్లీ సర్దేది.

చివరికి ఒక మధ్యాహ్నం ఆ పెట్టెను అవ్వ ముందుకు లాక్కొచ్చింది.

“ఈసారీ నన్నే పంపు అవ్వా. ఇచ్చింది చాల్లేదేమోనని మనసు పీకుతాంది.”

అవ్వ పెట్టెలోకి చూడలేదు. “వాళ్లూ సంగటే తింటారంట గదా?”

“అవునవ్వా. మొక్కజొన్న పిండితో చేస్తారు. తెల్లగా ఉంటుంది.”

“రుచి ఎట్లుంటుంది?”

సుగుణ చెప్పబోయి ఆగింది. “తెలీదవ్వా. నేను వాళ్ల గింజ ముట్టలేదు. పక్కింటామె రోజూ చేతుల మీద నీళ్లు పోయాలని జగ్గు పట్టుకుని నిలబడితే, తినే వచ్చానని చెప్పేదాన్ని.”

అవ్వ చేతిలోని విసనకర్ర ఆగింది.

“ఆ మాట నేనెరుగుదును,” అంది.

సుగుణ లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. పెట్టె గొళ్లెం తీసింది, పెట్టింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట అప్పుడు బయటికొచ్చింది.

“వచ్చేటప్పుడు ఆయమ్మ అడిగిందంట అవ్వా, మా ఇంటి నీళ్లు మురికివా అని.”

ఇంతలో లచ్చమ్మ వంటింట్లో నుంచి అన్నానికి పిలిచింది.

ఆ వేసవిలో ఆశ్రమానికి నీళ్లు ట్యాంకరు మీదే వస్తున్నాయి. తొట్టి అడుగంటింది. చేతులు కడుక్కోవడానికి మనిషికి అరచెంబుకు మించి వాడితే లచ్చమ్మ ఊరుకోదు.

అవ్వ గోడ పట్టుకుని లేచింది. తొట్టిలో చెంబు నిండా ముంచుకుని వచ్చి సుగుణ ఎదుట నిలబడింది.

“చేతులు పట్టు.”

సుగుణ చప్పున చేతులు వెనక్కి దాచుకుంది. గురువు చేత నీళ్లు పోయించుకుంటే పాపం చుట్టుకుంటుందంది. చెంబు ఇటివ్వమంది.

అవ్వ ఇవ్వలేదు. చెంబు వంచింది.

నీళ్లు సుగుణ కాళ్ల ముందు మట్టిలో పడ్డాయి. నేల వాటిని పడ్డవి పడ్డట్టే తాగేసింది. అవ్వ చెయ్యి వణుకుతోంది. చెంబు మాత్రం దించడం లేదు. నీళ్లు సన్నగా పడుతూనే ఉన్నాయి.

“నీళ్లు పోతాండాయి సుగుణమ్మా,” అంది లచ్చమ్మ గుమ్మంలో నుంచి. “చేతులన్నా పెట్టు, అవ్వ చెయ్యన్నా చూడు.”

సుగుణ చూసింది. ముడతలు పడిన ఆ చెయ్యి మోచేతి దాకా ఊగుతోంది.

తన చేతులు ముందుకు చాపింది.

చెంబులో మిగిలిన నీళ్లు వాటి మీద పడ్డాయి. చల్లగా ఉన్నాయి. ఒకరు తన చేతుల మీద నీళ్లు పోయడం సుగుణకు చిన్నతనం తర్వాత గుర్తులేదు.

అవ్వ ఖాళీ చెంబు లచ్చమ్మకిచ్చి, భుజం ఒత్తుకుంది.

“ఆయమ్మకూ చెయ్యి నొప్పి పుట్టే ఉంటుంది,” అంది.

సుగుణ ఆ పూట అందరితో పాటు బంతిలో కూర్చుంది. లచ్చమ్మ సంగటి ముద్ద పెడితే వద్దనలేదు. ముద్దలో గుంట చేసి పప్పు పోస్తే వద్దనలేదు.

తిన్నాక పెట్టె దగ్గరికి పోయి, దాని మీద చెయ్యి పెట్టింది.

“పంపుతావా అవ్వా?”

“పో.”

“మరి ఈ పెట్టె?”

“నీ ఇష్టం. తీసుకపోతే తీసుకపో.” అవ్వ విసనకర్ర అందుకుంది. “ఆకలితో మాత్రం పో.”