‘ప్రయత్నించవలెను’ అన్న మాటకు అర్థం

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైతే నా నోట్లో మిగిలిన మూడు పళ్ళూ ఈ పూటే రాలిపోవాలి. ఆ మూడింటితోనే చెరుకు గడలు నములుతున్నదాన్ని, వాటి మీద ఒట్టంటే మామూలు ఒట్టు కాదు.

తుమ్మలకోన అడవికి ఒక పెద్ద పుస్తకం ఉండేది. ఎంత పెద్దదంటే, దాని ఒక్కో తాటాకు మీద రెండు ఎనుములు పక్కపక్కన పడుకుని నెమరు వేసుకోవచ్చు. పాత పులుల పెత్తనం వదిలించుకున్నాక ముగ్గురు ఏనుగు పెద్దలు మూడేళ్ళు కూర్చుని రాసిన పుస్తకం అది. సింహమైనా చీమైనా దానికి లోబడే బతకాలి. ముందు భాగాల్లో హక్కులు. ఎవరినీ ఊరికే చంపకూడదు, ఎవరిచేతా వెట్టి చేయించకూడదు, ఇలాంటివి. వాటికి భంగం కలిగితే ఎలుగుబంటి కోర్టు తలుపు తట్టవచ్చు. నాలుగో భాగంలో ఆదేశిక సూత్రాలు. అంటే రాజ్యం నడిపేవాడు ఏ దారిన నడవాలో చెప్పే మాటలు. అడవిలోని నీళ్ళు అందరి మేలుకూ పంచుటకు, పనిచేసినవారికి కడుపునిండా మేత ఇచ్చుటకు, ముసలివారిని ఆదుకొనుటకు, నిండు చూలాలికి మోత తప్పించుటకు రాజ్యము ప్రయత్నించవలెను. వింటే రాళ్ళు కూడా కన్నీళ్ళు పెట్టుకుంటాయి. కాకపోతే ఆ భాగం మొదట్లోనే ఒక వాక్యం కంచెలా అడ్డం ఉంది: ఇవి రాజ్యపాలనకు మూలాధారములు, అయినను వీటిని అమలు చేయించుటకు ఏ న్యాయస్థానమునకును అధికారము లేదు.

ఆ అడవిలో నీళ్ళు మోసే గాడిద సుంకమ్మ. వంకలో ఉన్న మడుగు నుంచి కొండ మీది సింహం గుహకు రోజుకు తొమ్మిది మోతలు, ఇటో తోలుతిత్తి అటో తోలుతిత్తి. ఆ ఎక్కుడుకు పదహారు వేల మెట్లు, మెట్టుకు మూడు ముళ్ళు. అంత కష్టపడి మోసిన నీళ్ళు సింహం తాగుతాడా అంటే, తాగేది దోసెడు. మిగిలినవన్నీ జూలు తడుపుకోవడానికి, మంత్రి నక్క నాగలింగం తోక కడుక్కోవడానికి. ఆ తోకను రోజూ ఏడు ఉడతలు దువ్వేవి. కింద కోనలో లేళ్ళు బురద నాకుతుంటే పైన తోకకు మూడు స్నానాలు. చెబుతుంటేనే ఒళ్ళు మండిపోతోంది.

అప్పుడు సుంకమ్మకు పన్నెండో నెల. గాడిదలకు అదే నిండు నెల. కడుపు ఎంత పెరిగిందంటే ఎండవేళ దాని నీడలో నలభై కొంగలు వరసగా నిలబడేవి. అయినా మోత తప్పలేదు. నిరుడు ఇదే కాలంలో, ఇదే ఎక్కుడులో, తిత్తులు వీపు మీద ఉండగానే కడుపు జారిపోయింది. ఆ చోటికి వచ్చేసరికి దాని కాళ్ళు వాటంతటవే ఆగేవి. వెనక నుంచి అదిలించే కోతి కూడా ఆ ఒక్క చోట నోరు మూసుకునేవాడు. ఈసారి లోపలిది బతకాలి, అంతే. సుంకమ్మకు ఇంకో కోరిక లేదు.

పుస్తకం పండగ వచ్చింది. నాగలింగం నాలుగో భాగానికి అడవిపూల దండ వేసి, గొంతు వణికించుకుంటూ చదివాడు. వచ్చిన చుట్టాల కాళ్ళకు నీళ్ళందిస్తూ అక్కడే నిలబడి ఉన్న సుంకమ్మ చెవిన ‘నిండు చూలాలికి మోత తప్పించుటకు’ అన్న ముక్క పడింది. పండగ అయ్యాక తిత్తులతోనే మంత్రి దగ్గరికి వెళ్ళింది.

“అయ్యా, ఇందాక చదివింది నా గురించే కదా?”

“నీలాంటివాళ్ళ గురించి,” అన్నాడు నాగలింగం, తోక ముందుకు తెచ్చుకుని చూసుకుంటూ.

“మరి రేపటి నుంచి మోత మానుకోనా?”

“ఏమే సుంకీ, చెవులు అంత పొడుగున్నాయి, సరిగ్గా వినవేం? ఇవ్వవలెను అని లేదు. ప్రయత్నించవలెను అని ఉంది. ప్రయత్నిస్తున్నాం.”

“ఎప్పటినుంచయ్యా?”

“పుస్తకం రాసిన రోజు నుంచి. ఒక్క పూట ఆపలేదు.”

నువ్వు మోయడం మాత్రం వేరే సంగతి అని కూడా చెప్పాడు. అది విధి అట. నాలుగో భాగానికి తోకలా అతికించిన ఆకులో ప్రాణుల విధులు ఉన్నాయట, అక్కడ ప్రయత్నాలూ గియత్నాలూ లేవట, చేయవలెను అంటే చేయవలెను అంతేనట. ఆ ఆకు చూసి ఎన్నేళ్ళయిందో వాడికే తెలియదు. ఎవరూ చదవరన్న ధీమా మీద నోటికొచ్చింది చెప్పేశాడు.

సుంకమ్మకు కోపం వచ్చింది. గాడిదకు కోపం రావడం నువ్వు చూడలేదు. మొదట కుడి చెవి వెనక్కి పోతుంది, తరువాత ఎడమ చెవి, తరువాత ఎదుటివాడు. ఈసారి మాత్రం అది ఎవరినీ తన్నకుండా నేరుగా పుస్తకం ఉన్న గుహకు వెళ్ళింది. దానికి చదువు రాదు. ఎవరైనా చదివి పెడతారేమోనని చూస్తే, నాలుగో భాగం ఆకుల మధ్య నుంచి ఒక ముసలి చెదపురుగు తల బయటికి పెట్టింది.

ముందు భాగాల్లో కాపురం కుదరదని చెప్పుకొచ్చింది చెదపురుగు అవ్వ. అక్కడ రోజూ ఎవడో ఒకడు వచ్చి ఆకులు తిప్పుతాడట. ఇక్కడైతే ఏడు తరాలుగా కదిపినవాడు లేడు. పండగనాడు మంత్రి వచ్చి దండ వేసి, పై ఆకు మీద దుమ్ము దులిపి పోతాడు.

“అయితే మొత్తం తినేశారా అవ్వా?” అంది సుంకమ్మ.

“అంచులు తిన్నాం తల్లీ. అక్షరాలు తినలేదు. ఆకలి గురించి రాసిన అక్షరాలు తినడానికి మాకే మనసొప్పలేదు.”

తోక ఆకు చదివి పెట్టమంది సుంకమ్మ. అవ్వ ఆకు మీద అటు నుంచి ఇటు పాకుతూ, ఒక్కో అక్షరాన్నీ కాలితో తడిమి చదివింది: “ప్రతి ప్రాణియు రాజ్యకార్యములలో తోడ్పడుటకు ప్రయత్నించవలెను.”

“ఆ చివరి మాట మళ్ళీ చదువు.”

“ప్రయత్నించవలెను. ఏనుగులు ఇంకేం రాస్తాయి? ఎవరిచేతా వెట్టి చేయించకూడదని ముందు వాళ్ళే రాశారాయె.”

సుంకమ్మ రెండు చెవులూ నిటారుగా నిలబడ్డాయి. అవ్వకు దణ్ణం పెట్టి, ఆ సంగతి కడుపులోనే ఉంచుకుని, తెల్లవారి కోర్టుకు వెళ్ళింది.

ఎలుగుబంటి భల్లయ్యగారు మంచి న్యాయమూర్తి. ఆయన కళ్ళద్దాలు ఎంత మందమంటే వాటి గుండా చూస్తే చీమ కూడా ఫిర్యాదుదారులాగే కనబడుతుంది. సుంకమ్మ గోడు విని ఆయన చాలాసేపు ముక్కు రుద్దుకున్నారు. మంత్రి నాగలింగం కూడా వచ్చి, అడ్డం పడుకున్న తోక సర్దుకుని కూర్చున్నాడు.

“అమ్మా, నాలుగో భాగం ముందు కంచె ఉంది. అది దాటి, ఇవ్వండి అని రాజుగారికి చెప్పే అధికారం నాకు లేదు. చెప్పాలని ఉన్నా లేదు,” అన్నారు భల్లయ్యగారు.

“ఇప్పించమని అడగడం లేదు దొరా. ప్రయత్నిస్తున్నామని మంత్రిగారు అంటున్నారు. ప్రయత్నం అంటే ఏమిటో తెలిస్తే, అది జరుగుతున్నప్పుడు చూసి సంతోషిద్దామని. చదువు లేనిదాన్ని, మాటకు అర్థం చెప్పండి చాలు.”

మాటలకు అర్థం చెప్పడం కోర్టు పనే. భల్లయ్యగారు మంత్రి వైపు తిరిగారు. నాగలింగానికి నవ్వు ఆగలేదు. గాడిద కోర్టుకు వచ్చి అర్థాలడుగుతోంది. లేచి, గొంతు సవరించుకుని, అందరూ వినేలా చెప్పాడు.

“ప్రయత్నమంటే, చేయవలసిన పని వైపు ముఖం పెట్టి నిలబడి, చేస్తున్నాను అని మనసులో అనుకోవడం. పని ఎప్పుడవుతుంది, ఎంతవరకు అయింది అని అడిగే హక్కు ఎవరికీ లేదు. తమకు కూడా లేదు.”

ముళ్ళపంది ముల్లుతో రాసుకుంటున్న భల్లయ్యగారి చెయ్యి ఆగింది. ఈ మాట పుస్తకంలో వచ్చిన ప్రతిచోటా ఇదే అర్థమా, ఒకసారి ఆలోచించుకుని చెప్పమన్నారు.

“ఒకే పుస్తకంలో ఒకే మాటకు రెండు అర్థాలుంటే అది పుస్తకం ఎలా అవుతుంది? రాసుకోండి,” అన్నాడు నాగలింగం. కాలిముద్ర కూడా వేశాడు.

కోర్టు చెప్పినదేదైనా వడ్రంగిపిట్ట చెట్టు చెట్టుకూ తిరిగి ముక్కుతో టకటకలాడిస్తూ చాటాలి, అది ఆ అడవి ఆనవాయితీ. ఆ రోజు చాటింపుకు మూడు వందల చెట్లకు తొర్రలు పడ్డాయి. సుంకమ్మ దాని వెనకే తిరుగుతూ, ఆగిన ప్రతి చెట్టు కిందా తోక ఆకులో ఏముందో తను చెప్పింది.

మరునాడు పొద్దెక్కింది. కొండ మీదికి చుక్క నీళ్ళు రాలేదు. నాగలింగం దిగి వచ్చి చూస్తే, తిత్తులు మడుగు పక్కన ఉన్నాయి, సుంకమ్మ కొండ వైపు ముఖం పెట్టి నీడలో నిలబడి ఉంది.

“ఏం చేస్తున్నావే?”

“ప్రయత్నిస్తున్నానయ్యా.”

“తిత్తులు నేల మీదున్నాయి కదే.”

“అడక్కూడదు కదయ్యా. కాలిముద్ర కూడా వేశారు.”

నాగలింగం మామిడి చెట్ల వైపు పరుగెత్తాడు. పళ్ళు కోసే కోతి మామిడి చెట్టు వైపు ముఖం పెట్టి కూర్చుని ఉన్నాడు. సింహాన్ని లేపవలసిన అడవికోడి గుహ వైపు చూస్తూ నోరు మూసుకుని ఉంది. అంత దూరం ఎందుకు, ఏడు ఉడతలూ వాడి తోక వైపే చూస్తూ, చేతులు కట్టుకుని, మనసులో దువ్వుతున్నాయి. ప్రతి ఒక్కరూ ఎంతో మర్యాదగా ప్రయత్నిస్తున్నారు. అడవి పుట్టిన నాటి నుంచి అంత ప్రయత్నం ఒక్క రోజున ఎన్నడూ జరగలేదు.

మూడో రోజుకు సింహం జూలు ఎండిపోయి తుమ్మముళ్ళ కంచెలా నిలబడింది. గొంతు తడారి, గర్జిద్దామంటే పిల్లిలా వచ్చింది. తనే కొండ దిగి, పదహారు వేల మెట్లూ ఒక్కొక్కటే లెక్క తెలిసేలా దిగి, కోర్టుకు వచ్చాడు. వెనకాల నాగలింగం, మట్టి కొట్టుకుపోయిన తోకతో.

వీళ్ళందరినీ శిక్షించమన్నాడు నాగలింగం. వాళ్ళు ప్రయత్నిస్తూనే ఉన్నారు కదా, అంతకు మించి అడిగే హక్కు తనకు లేదని మంత్రిగారే తేల్చారు కదా అన్నారు భల్లయ్యగారు. అయితే అర్థం మార్చండి అన్నాడు.

“మార్చవచ్చు. మారిస్తే తోక ఆకులోనూ మారుతుంది, నాలుగో భాగంలోనూ మారుతుంది. నేను కంచె దాటడం లేదు. మాట ఒక్కటే దాటుతోంది.”

 సింహం నాగలింగం వైపు చూడలేదు. సుంకమ్మ వైపు తిరిగి, “ఆ మాటకు నువ్వేమంటావమ్మా అర్థం?” అన్నాడు.

అప్పుడు సుంకమ్మ మెత్తగా మాట్లాడలేదు.

“రాజుగారూ, నిరుడు మీ జూలు తడపడానికి పోతూ నా బిడ్డను ఆ మెట్ల మీద పోగొట్టుకున్నాను. అప్పుడూ మీరు ప్రయత్నిస్తూనే ఉన్నారు. ప్రయత్నమంటే నిన్నటికన్నా ఇవాళ ఒక అడుగు ముందుకు పడాలి. ఆ అడుగు జాడ నలుగురికీ కనబడాలి. జాడ చూపించలేనివాడు ప్రయత్నిస్తున్నానని చెప్పడం అబద్ధం.”

 సింహానికి దప్పిక వేస్తోంది, సిగ్గూ వేస్తోంది. రెండింటిలో ఏది ఎక్కువో గానీ, రాసుకోమన్నాడు. సుంకమ్మ ఈనే వరకూ, ఈనిన పిల్ల గడ్డి కొరికే వరకూ మోత లేదన్నాడు. మడుగు నీళ్ళు ముందు కోనకు, తరువాతే కొండకు అన్నాడు. ముసలివాళ్ళ మేత సంగతి ఎప్పుడని ఒక ముసలి ఎద్దు అప్పుడే అడిగాడు. వచ్చే అమావాస్యకు జాడ చూపిస్తానని సింహం ఒప్పుకోవలసి వచ్చింది.

నాగలింగం ఇంకా ఊరుకోలేదు. “అంతా బాగానే ఉంది ప్రభూ, ఈలోగా తమకు నీళ్ళు ఎవరు మోస్తారు?”

సింహం మొదటిసారి వాడి వైపు చూశాడు.

“నువ్వు ప్రయత్నించు.”

తొమ్మిదో రోజున మడుగు పక్కన చల్లటి ఇసుకలో సుంకమ్మ ఈనింది. ఆడపిల్ల. అది పుట్టగానే పెట్టిన ఓండ్రకు, మూడు కొండల అవతల రైతులు ఉరుమనుకుని విత్తనాలు బయటికి తీశారు. తల్లి దాన్ని నాకుతుంటే, మెట్ల మీద ఏదో జారిన చప్పుడైంది. తిత్తులు చెరో పక్కకు దొర్లి, వాటి మధ్య నాగలింగం నాలుగు కాళ్ళూ చాపుకుని పడి ఉన్నాడు. పక్కన ఎలుగుబంటి కోర్టు బంట్రోతు తాబేలు, వాడు నిన్న ఎక్కిన మెట్టుకు, ఇవాళ ఎక్కిన మెట్టుకు మధ్య దూరం కొలుస్తోంది. ఒక్క మెట్టు తగ్గింది, లేచి ఇంకో రెండు ఎక్కమని నిదానంగా చెబుతోంది.

ఇచ్చే చోట మాటను తేలిక చేసినవాడికి, పుచ్చుకునే చోట అది బరువుగా దొరకదు.

విన్నది చాలు, ఇక లే. అదుగో, వీధి పంపు దగ్గర ఎదురింటి రమీజా ఎనిమిదో నెల కడుపుతో వంగి బిందె ఎత్తబోతోంది. పరుగున పోయి ఆ బిందె అందుకుని వాళ్ళ వంటింట్లో దించు. వచ్చేటప్పుడు పెరట్లో నాలుగు తమలపాకులు తెంపుకురా.