చివరి పేజీ తిన్నదెవరు?

నమ్మనివాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. కథ మధ్యలో ఎత్తితే ఒప్పుకునేది లేదు! దీనికి సాక్షి ఉంది. పేరు చివర్లో.

అనగనగా ఒక అడవిలో జంతువుల పిల్లలకు ఒక బడి. ఆ ఏడు వాన పట్టిందంటే నలభై రోజులు వదల్లేదు. చేపలు చెట్లెక్కి ఒళ్ళు తుడుచుకున్నాయి! వాగు పొంగింది. ఎలుగు మాస్టారు బడికి తాళం వేసి వెళ్ళిపోయారు.

బడి గోడలో చెదపురుగుల గూడు ఉంది. తాళం చప్పుడు వినగానే వాటికి పండగే. మొదటి రోజు లెక్కల పుస్తకాలు తిన్నాయి. రెండో రోజు వాచకాలు తిన్నాయి. మూడో రోజుకి బీరువాలో మిగిలింది ఒక్కటే, లావుపాటి కథల పుస్తకం.

"నూకాలూ, నువ్వెళ్ళి కాస్త రుచి చూడవే," అంది ముసలి రాణి. గూట్లో అందరికీ ఆవిడే అమ్మమ్మ.

నూకాలు చిట్టి చెదపురుగు. గోడ పగుల్లోంచి పిల్లల పలకలు చూస్తూ ఏడాదిలో చదవడం నేర్చేసుకుంది. అంచు కొరకబోతూ, ఊరికే ఒక్క వాక్యం చదివింది.

'మబ్బులు ఎక్కడ పుడతాయో చూడాలని ఒక పిల్ల చిన్న పడవలో సముద్రం మీదికి బయల్దేరింది.'

సముద్రమా! నూకాలు చూసిన అతి పెద్ద నీళ్ళు గోడ మీద జారే వానచుక్క. ఇప్పుడు దాని ముందు ఏడు తాటిచెట్ల ఎత్తున అల లేచింది. మీసాలు తడిశాయి. నోట్లో ఉప్పు తగిలింది. కొరకడం మరిచిపోయి, తెరిచిన నోరు తెరిచినట్టే నిలబడిపోయింది.

అంతలో దండంతా వచ్చిపడింది.

"ఇంకా కొరకలేదా? పళ్ళూడాయా ఏమిటే?"

"తినొద్దు! ఇందులో సముద్రం ఉంది!"

అన్నీ పడీ పడీ నవ్వాయి. "పరీక్షల్లేవు, మాస్టారు లేరు. నిన్నెవరు చదవమన్నారే?"

"ఎవరూ అనలేదు. తర్వాత ఏమైందో చూడాలనుంది, అంతే. మూడు పేజీలు వినండి. నచ్చకపోతే ముందు నన్ను తినండి, తర్వాత పుస్తకం!"

నూకాలు గొంతెత్తి చదివింది. మొదటి పేజీకి నవ్వులు ఆగాయి. రెండో పేజీకి బయట వాన ఆగింది. అవును, వినడానికే! మూడో పేజీకి, చెదపురుగుల్ని మింగుదామని పైకప్పు నుంచి దిగిన బల్లి, చాచిన నాలుక చాచినట్టే ఉండిపోయింది. ఇక ఆపనిచ్చేదెవరు? లక్ష చెదపురుగుల్లో ఒక్క దవడ కదల్లేదు. కథలో తుఫాను వచ్చింది. తెరచాప చిరిగింది. పడవ తలకిందులైంది. పిల్ల చెయ్యి ఒక్కటే నీళ్ళ పైన కనిపిస్తోంది...

నూకాలు పేజీ తిప్పింది. ఆ తర్వాతి పేజీ లేదు! కొరికిన అంచు మాత్రం ఉంది.

"చివరి పేజీ ఎవరు తిన్నారు?" గూడంతా గోల.

అమ్మమ్మ తల దించుకుంది. "నువ్వు ఎంతకీ రాకపోతేను... ఆకలికి ఆగలేక, వెనక అట్ట వైపు నుంచి..."

"రుచి ఎలా ఉంది అమ్మమ్మా?"

"వట్టి కాగితం రుచే తల్లీ," అని అమ్మమ్మ బావురుమంది. "ఆ పిల్ల ఒడ్డు చేరిందో లేదో ఎవరైనా చెప్పండర్రా!"

ఎవరికి తెలుసు? బల్లికి తెలుసు. ఎలుగు మాస్టారు ఏటా ఆ కథ చదివేవారు, అది ఏటా పైకప్పున వినేది. బల్లి నాలుక లోపలికి తీసుకుంది.

"టిక్ టిక్ టిక్!"

"సత్యం!" అమ్మమ్మ ముమ్మారు నేల తట్టింది. "బల్లి పలికింది! చేరింది, పిల్ల ఒడ్డు చేరింది!"

ఆనాటి నుంచి ఆ గూడు ఎండుకట్టెలతోనే సరిపెట్టుకుంది. బడి తెరిచేలోగా అన్నీ నూకాలు చేత ఆ పుస్తకాన్ని నూటొక్కసారి చదివించుకున్నాయి. ప్రతిసారీ చివర్లో, లక్ష తలలు పైకప్పు వైపు లేచేవి.

నీతి: బడికి తాళం పడితే పడనీ, మీరు పుస్తకం తెరవండి. పరీక్ష కోసం కాదు, తర్వాత ఏమైందో తెలుసుకునే సంబరం కోసం.

సాక్షి: బడి పైకప్పు మీది బల్లి, వరహాలమ్మ.