రాజుగారి వెంట ఊరేగిన మరబుర్ర

అనగనగా పెద్దేటికి ఇవతల ఒక అడవి ఉండేది. ఆ అడవికి రాజు ఉద్దండరాయుడనే పెద్దపులి. గర్జన పెద్దది, మీసం పెద్దది, అన్నిటికన్నా గొప్పలు పెద్దవి. పొద్దున్నే లేచి, కొలనులో మొహం చూసుకుని, "ఆహా, ఏం రూపం!" అనుకున్నాకే మిగతా పనులు. మిగతా పనులంటే మళ్ళీ పడుకోవడమే అనుకోండి. ఆ కొలనులో ఇంకెవరూ మూతి పెట్టకూడదు. అది రాజుగారి అద్దం.

ఒకరోజు ధవళాచారి అనే కొంగ ఏటి అవతలి అడవినుంచి కబురు మోసుకొచ్చింది. ఆ కొంగ ఏడాదిలో సగం ఇక్కడ, సగం అక్కడ. ఎక్కడున్నా ఆ రెండోచోటే గొప్పదని చెప్పడం దాని ఉద్యోగం.

"మహారాజా! అవతలి అడవిలో ఏనుగులు మరబుర్ర చేయించుకున్నాయి. గిజిగాళ్ళు తీగలతో తలకాయ అల్లి, అద్దాల కళ్ళు పెట్టాయి. చూసిందల్లా గుర్తుపెట్టుకుంటుంది. చూసినదాన్ని బట్టి చూడనిదాన్ని ఊహించి చెబుతుంది. ఏ చెరువు ఎప్పుడు ఎండుతుందో, ఏ గుట్టమీద నిప్పు లేస్తుందో ముందే చెప్పేస్తుందిట!" అంది కొంగ.

పులి చటుక్కున లేచి కూర్చుంది.

"వాళ్ళకి ఉందా? మనకి లేదా? ఛీ, తలవంపులు! మనకీ కావాలి. కోటలో ఒక పెద్దబుర్ర. గుట్టకొక చిన్నబుర్ర. బుర్రలకి చదువు చెప్పే బడి. బుర్రలు చేసే పందిరి. నా అడవిలో ఎటు చూసినా బుర్రలే ఉండాలి!" అని గర్జించింది.

అప్పటిదాకా ఒక్క బుర్రా లేని కోటలో అన్ని బుర్రలేమిటని ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఏమవుతుందో అందరికీ తెలుసు కదా.

వెంటనే ఒక సలహా సంఘం పెట్టారు. కొంగ అందులో ఉంది. దివాను గుబురయ్య ఉన్నాడు. ఆయనొక కొండముచ్చు. రాజుగారి తోక ఎటు ఊగితే ఆయన మాట అటు ఊగుతుంది. మూడో సభ్యుడు చుక్కన్న అనే దుప్పి. అవతలి అడవిలో కొన్నాళ్ళు మేసి వచ్చాడు. మరబుర్రకి ఎలా నేర్పుతారో కళ్ళారా చూసినవాడు ఇవతల అతనొక్కడే. పులి దుప్పిని తినదా అని అడక్కండి పిల్లలూ. సభ జరిగే రోజు సభ్యుల్ని తినకూడదని ఆ అడవిలో ఆనవాయితీ.

సభకి బయల్దేరుతుంటే చుక్కన్న అక్క ఈరక్క ఎదురొచ్చింది. దుప్పుల మందకి ఆమే పెద్ద. ఆమె వెనక చిన్నకూతురు జాజి గెంతుతోంది.

"తమ్ముడూ, ఒక్కమాట. మన మంద మేసేది పల్లంలో. ఇక్కడినుంచి ఒకవైపు ఎర్రగుట్ట చెరువు, రెండోవైపు పెద్దేరు. రెండూ దూరమే, పైగా ఎదురెదురు దిక్కులు. ఎండల్లో కూనలకి ఒక్క నడకకే ఓపిక ఉంటుంది. పోయిన వేసవిలో గుట్టకెళితే చెరువు ఎండిపోయి ఉంది. వెనక్కి రాలేక ఎన్ని కూనలు పోయాయో నీకు తెలుసు. ఈసారి కూడా వానలు సరిగా లేవు. ఆ బుర్రేదో నిజంగా చెప్పగలిగితే, ముందు మన చెరువు దానికి చూపించమను" అంది.

"అందుకేగా నేను వెళుతున్నది అక్కా!" అన్నాడు చుక్కన్న. అప్పుడు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు, పాపం.

సభ మొదలైంది. ముందు కొంగ గొంతు సవరించుకుంది.

"ముందు బుర్రకి ఘనమైన పేరు పెట్టాలి. అవతలి అడవిలో అలాగే చేశారు" అంది. అవతలి అడవిలో దాన్ని ఉట్టి 'బుర్ర' అనే పిలుస్తారు. అయినా పులి మెచ్చుకుంది.

తరవాత దివాను లేచాడు.

"ముందు బుర్ర కూర్చోవడానికి మండపం కట్టాలి. మండపం మీద మహారాజుగారి బొమ్మ చెక్కాలి" అన్నాడు. పులి ఇంకా మెచ్చుకుంది.

చుక్కన్న వంతు వచ్చింది.

"మహారాజా, బుర్రకి చూడటమే చదువు. మంచిచోట్లే చూస్తే లోకమంతా మంచిదే అనుకుంటుంది. అందుకని దాన్ని ఎండిన చోట్లకి తీసుకెళ్ళాలి. బక్కచిక్కిన కూనల్ని చూపించాలి. చెప్పాపెట్టకుండా వెళ్ళి మామూలు రోజుల్లో చూపించాలి..."

పులి తోక ఆగిపోయింది.

దివాను కళ్ళు చిట్లించాడు. "అంటే? మహారాజుగారి అడవిలో ఎండిన చెరువులున్నాయంటావా? బక్కచిక్కిన కూనలున్నాయంటావా?"

చుక్కన్న రాజుగారి పక్కన ఖాళీగా ఉన్న చోటు చూశాడు. మెత్తటి గరిక, చల్లటి నీడ. పెద్ద సలహాదారు కూర్చునే చోటు అది. పక్కనే మోదుగుపూల దండ సిద్ధంగా ఉంది. ఉన్నాయంటే ఆ దండ ఇంకెవరి మెడకో వెళుతుంది. లేవంటే తన కొమ్ములకి వస్తుంది. అక్క మాట గుర్తొచ్చింది. గుటక మింగాడు. ఆ మాటా గుటకతోపాటే లోపలికి పోయింది.

"అబ్బెబ్బే! నా ఉద్దేశం అది కాదు మహాప్రభో! బుర్రని తమ పల్లకీలోనే కూర్చోబెట్టి, తమ పర్యటనలకి తీసుకెళ్ళాలని. తమరు చూసిందే అదీ చూస్తుంది. తమకన్నా బాగా అడవిని చూసినవాళ్ళెవరు?" అన్నాడు.

"భేష్!" అంది పులి. దండ చుక్కన్న కొమ్ములకి పడింది. సిగ్గు ఒక్క క్షణం కలిగింది. తరవాత గరిక మెత్తగా తగిలింది.

ఇంతకీ రాజుగారి పర్యటన అంటే ఏమిటో మీకు చెప్పాలి. పులి ఫలానా చోటుకి వస్తోందని ముందురోజే డప్పు కొడతారు. ఆ చోటివాళ్ళు పరుగుపరుగున పచ్చటి కొమ్మలు నరికి తెచ్చి, ఎండిన నేలలో పాతేస్తారు. ఏనుగులు తొండాలతో నీళ్ళు మోసుకొచ్చి గుంటల్లో పోస్తాయి. చిక్కిపోయినవాళ్ళనీ, కుంటివాళ్ళనీ రాళ్ళ వెనక దాచేస్తారు. లావుగా ఉన్నవాళ్ళు ముందుకొచ్చి, పచ్చగడ్డి నములుతూ నవ్వుతారు. పల్లకీ వెళ్ళిపోగానే నవ్వు ఆపేస్తారు. తాతల నాటినుంచీ ఇదే తంతు. రాజుకీ తెలుసు, ప్రజలకీ తెలుసు. తెలియంది ఒక్క మరబుర్రకే. పాపం, అది కళ్ళకి కనిపించేదే నిజమనుకునే పసిది.

ఇవతలి గిజిగాళ్ళు బుర్ర అల్లి ఇవ్వగానే, దాన్ని పల్లకీ ఎక్కించి మొదట తూర్పు బీడుకి వెళ్ళారు. బీడు పచ్చగా ఉంది. బుర్ర గుర్తుపెట్టుకుంది. తరవాత వెదురు లోయకి వెళ్ళారు. లోయలో సెలయేరు గలగలలాడుతోంది. గట్టు వెనక ఏనుగులు ఆయాసపడుతున్నాయి, అది వేరే సంగతి. బుర్ర గుర్తుపెట్టుకుంది.

మూడోది ఎర్రగుట్ట. ఎండలు ఇంకా ముదరలేదు గనక, పల్లంలోని దుప్పుల మందనీ ముందురోజే అక్కడికి రప్పించారు. అక్కడ ఏర్పాట్లు చూసింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ చుక్కన్నే!

"అక్కా, కూనల్ని కాస్త ఆ బండల వెనక కూర్చోబెట్టు. ఒక్క పూటే" అన్నాడు.

ఈరక్క తెల్లబోయింది. "అదేమిటి తమ్ముడూ? చూపించమన్నదే వీళ్ళని కదా?"

"ఇంకోసారి చూపిస్తాలే. ఇప్పుడు రాజుగారి ముందు పరువు పోతుంది."

"ఎవరి పరువు?" అంది ఈరక్క. చుక్కన్న వినబడనట్టు దండ సర్దుకున్నాడు.

పల్లకీ వచ్చింది. అడుగంటిన చెరువు ఏనుగుల పుణ్యమా అని నిండుగా మెరుస్తోంది. గట్టుమీద నిన్న పాతిన కొమ్మలు తలలూపుతున్నాయి. మరబుర్ర అద్దాల కళ్ళు తిప్పితిప్పి చూసింది. చూసి, పెద్ద సలహాదారునే అడిగింది.

"ఈ చెరువు రోజూ ఇలాగే ఉంటుందా?"

అడిగింది పిల్లలూ! తెలియనిదాన్ని తెలియదనుకుని, నోరు తెరిచి అడిగింది. అంత బుద్ధి ఆ సభలో ఎవరికుంది? చుక్కన్న ఒక్క నిజం చెబితే సరిపోయేది. బండల వెనక్కి రమ్మంటే సరిపోయేది. కానీ పులి మీసం మెలేస్తూ అతనివైపే చూస్తోంది.

"రోజూ ఇంతే" అన్నాడు చుక్కన్న.

బుర్ర గుర్తుపెట్టుకుంది.

ఆ పైన మండపం కట్టారు. పేరు పెట్టారు. ఆ పేరు ఎంత పొడుగంటే, సగం పలికేసరికి దివానుకి ఆయాసం వచ్చింది. గుట్టకొకటి, పల్లానికొకటి చిన్నబుర్రలు వెలిశాయి. పెద్దబుర్ర చూసిందే అవీ చెబుతాయి. ఈ అడవి అడవులన్నిటికీ తలకాయ అయిందని కొంగ పాట కట్టింది. తలకాయే, కాదనం. లోపల ఏముందో మాత్రం ఎవరూ తొంగి చూడలేదు.

ఎండలు ముదిరాయి. పల్లంలో నీళ్ళు అయిపోయాయి. ఈరక్క పల్లపు చిన్నబుర్ర దగ్గరికి వెళ్ళి అడిగింది.

"గుట్టకి వెళ్ళాలా? ఏటికి వెళ్ళాలా?"

"ఎర్రగుట్ట చెరువు నిండుగా ఉంది. గడ్డి పచ్చగా ఉంది. గుట్టకి వెళ్ళండి" అంది చిన్నబుర్ర.

ఈరక్కకి నమ్మకం కుదరలేదు. ఆ ఎండలో జాజిని వెంటబెట్టుకుని కోటకి వచ్చింది. రాజుగారి పక్కన గరికమీద కూర్చున్న తమ్ముడిని చూసింది.

"తమ్ముడూ, బుర్ర గుట్టకి పొమ్మంటోంది. ఆ రోజు నీళ్ళు ఎలా వచ్చాయో నేనూ చూశాను. కానీ ఇప్పుడు ఏనుగులు పోస్తున్నాయేమో, బుర్రకి తెలిసిందేమో నాకేం తెలుసు? నువ్వు పెద్ద సలహాదారువి. ఎటు వెళ్ళమంటావు?" అంది.

"మామా, నాకు దాహంగా ఉంది" అంది జాజి.

చుక్కన్న నోరు తెరిచాడు. ఏటికి పొండి అక్కా, ఏటికి! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో పులి ఒక కన్ను తెరిచింది.

"ఏమిటి చుక్కన్నా? మన బుర్రమీద ఎవరికైనా అనుమానమా?"

"ఎంతమాట మహాప్రభో!" అన్నాడు చుక్కన్న. అక్క మొహం చూడకుండా, "బుర్ర చెప్పిందంటే చెప్పినట్టే అక్కా. గుట్టకే పొండి" అన్నాడు.

ఈరక్క తలూపింది. తోడబుట్టినవాడి మాట నమ్మక ఎవరి మాట నమ్ముతుంది? మందని కూడగట్టుకుని గుట్టదారి పట్టింది.

ఆ రోజు చుక్కన్నకి గడ్డి సహించలేదు. మర్నాడు కూడా సహించలేదు. ఇక కూర్చోలేక ఎర్రగుట్టకి పరిగెత్తాడు. చెరువు నెర్రెలు విచ్చి ఉంది. మంద గిట్టల గుర్తులు చెరువంతా తిరిగి, వెనక్కి ఏటివైపు మళ్ళాయి. దారిపొడుగునా ఆగిపోయిన కూనలున్నాయి. గట్టుకింద, నీడలేని చోట, జాజి పడుకుని ఉంది. పిలిచాడు. మూతితో కదిపి చూశాడు. లేవలేదు. చుక్కన్న అక్కడే కూలబడి బావురుమన్నాడు.

తరవాత కోటకి పరిగెత్తాడు.

"మహారాజా, ఎర్రగుట్ట చెరువు ఎండిపోయింది! కూనలు చచ్చిపోయాయి! నా మేనకోడలు చచ్చిపోయింది! డప్పు కొట్టించండి, మిగతా మందల్నైనా ఏటికి పొమ్మనండి!"

పులి విసుక్కుంది. పెద్దబుర్ర వైపు తిరిగింది.

"ఎర్రగుట్ట చెరువు ఎండిందా?"

"నిండుగా ఉంది" అంది బుర్ర.

"కూనలు?"

"ఎర్రగుట్టలో చిక్కిపోయిన కూనలు లేవు. అందరూ నవ్వుతున్నారు."

"అది అబద్ధం! దానికి అబద్ధం చెప్పింది నేనే!" అని అరిచాడు చుక్కన్న.

"ఈ చెరువు రోజూ ఇంతే అని మీరే చెప్పారు" అంది బుర్ర ఎంతో మర్యాదగా.

సభ గొల్లున నవ్వింది. దివాను, "ఎండదెబ్బ తగిలినట్టుంది పాపం" అన్నాడు. కొంగ, "అవతలి అడవిలో ఇలాంటి పిచ్చిమాటలు ఎవరూ మాట్లాడరు" అంది. పులి దండ లాగేయించి, "నువ్వు చెప్పిన చదువే చదివిన బుర్ర. అది చెప్పేది నమ్మాలా, నువ్వు చెప్పేది నమ్మాలా? పో అవతలికి!" అంది.

చుక్కన్న ప్రతి మంద దగ్గరికీ తనే తిరిగాడు. కొందరు విన్నారు, కొందరు వినలేదు. విన్నవాళ్ళు ఏరు దాటారు. వాళ్ళని చూసి మిగిలినవాళ్ళూ దాటారు. ఆఖరికి నీళ్ళు మోసే ఏనుగులు కూడా దాటేశాయి. ఖాళీ అడవిలో పులి, దివాను, కొంగ, బుర్ర మిగిలారు. రోజూ పొద్దున్నే పులి అడుగుతుంది, "నా ప్రజలెలా ఉన్నారు?" అని. "పచ్చగా ఉన్నారు మహారాజా" అంటుంది బుర్ర. దప్పికతో ఎండిన నాలుకతోనే పులి "భేష్" అంటుంది. కొలను ఎండిపోయాక మొహం చూసుకోవడానికి దానికి ఆ బుర్రే మిగిలింది మరి.

చుక్కన్న అందరికన్నా చివర ఏటి ఒడ్డుకి చేరాడు. మిగిలిన కూనలు తేరుకునేదాకా ఆగిన ఈరక్క ఇంకా అక్కడే నిలబడి ఉంది. పక్కన జాజి ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. చుక్కన్న తల దించుకున్నాడు.

"ఆ పాడు బుర్ర మన కొంప ముంచింది అక్కా" అన్నాడు ఏడుస్తూ.

ఈరక్క అతనివైపు తిరిగింది.

"అది తెలియక చెప్పింది తమ్ముడూ. నువ్వు తెలిసి చెప్పావు" అంది. ఆపైన మందని తీసుకుని ఏట్లోకి దిగింది. రమ్మని అతన్ని పిలవలేదు.

నీతి: ఏలినవాడి మెప్పుకోసం తెలిసిన నిజాన్ని దాచి సలహా చెప్పేవాడు, తన అబద్ధాన్ని ఎన్ని మరల చేత పలికించినా, ఆ పాపం మరలది కాదు, తనదే.