తన్నడం మానేసిన గంతులయ్య

అనగనగా ఒక అడవి ఉండేది. ఎంత పెద్ద అడవంటే, ఒక పక్క నుంచి దూరిన పిల్లగాలి రెండో పక్క నుంచి బయటపడేసరికి ముసలిదైపోయి, దగ్గుకుంటూ వచ్చేదిట. ఆ అడవి నడుమ ఒక గుహ. ఆ గుహలో ఒక టాకీసు.

నవ్వకండర్రా, నిజంగా టాకీసే! ఎదురుగా సున్నం కొట్టిన పెద్ద బండ. అదే తెర. వెనకాల డొల్ల సొరకాయలో కిక్కిరిసి కూర్చున్న మిణుగురులు. అవే దీపాలు. మరి బొమ్మలో? వాటిని సూదమ్మ అనే ముళ్లపంది గీసేది. రావి ఆకుల్ని నీళ్లలో నానబెట్టి, పచ్చదనమంతా పోయి ఈనెలు మాత్రమే మిగిలాక, తన ముల్లు ఒకటి పీకి దానితోనే ఒక్కో ఆకు మీద ఒక్కో బొమ్మ గీసేది. ఆ ఆకుల్ని చక్రానికి గుచ్చితే తుర్రి అనే ఉడుత గిరగిరా తిప్పేది. అంతే! బండ మీద బొమ్మలు లేచి నడిచేవి, మాట్లాడేవి కూడా.

రోజూ పొద్దు వాలగానే ఆట. అసలు సినిమా ఏనుగుల వంశచరిత్ర. అది ఎంత పొడుగంటే, మొదట్లో వచ్చి కూర్చున్న జింకపిల్లలు విరామానికి కొమ్ములతో లేచేవి. దానికోసం ఎవడొస్తాడు? అందరూ వచ్చేది దానికి ముందు వేసే చిట్టి కార్టూన్ కోసం. అందులో హీరో గంతులయ్య అనే గాడిద.

కుండ కనిపిస్తే తన్నేవాడు గంతులయ్య. తట్ట కనిపిస్తే తన్నేవాడు. ఏమీ కనిపించకపోతే తన నీడనే తన్నేవాడు.

గంతులయ్యంటే గుబురన్నకి ప్రాణం. గుబురన్న ఎవరో చెప్పలేదు కదూ? పెద్ద ఎలుగుబంటి. ఒంటి మీద ఎంత బొచ్చంటే, అందులో రెండు పిచ్చుక కుటుంబాలు కాపురం ఉన్నా ఆయనకి తెలీదు. పిల్లప్పుడు అమ్మ వీపు మీద కూర్చుని గంతులయ్యను చూసినవాడు. ఇప్పుడు మనవరాలు మినుకుని తన వీపు మీద కూర్చోబెట్టుకుని వస్తున్నాడు.

ఆ టాకీసులో ఒక ఆనవాయితీ ఉండేది. మొదటి నవ్వు గుబురన్నదే. ఆయన నవ్వాకే మిగతా వాళ్లు నవ్వాలి. అలాగని ఎవరూ రూలు పెట్టలేదు. ఒకసారి ఒక కోతి తొందరపడి ముందు నవ్వేసింది. గుబురన్న వెనక్కి తిరిగి ఊరికే చూశాడు. ఆ చూపుకి కోతి తోక చుట్టచుట్టుకుపోయి, మళ్లీ సాగలేదుట! అప్పటి నుంచి అందరూ ఆయన నోటివైపే చూసేవాళ్లు. ఆయన "హొహ్హొహ్హో" అన్నాడా, గుహంతా పగలబడి నవ్వేది. పైన గబ్బిలాలు పండిన నేరేడు పళ్లలా టపటపా రాలేవి.

ఏళ్లు గడిచాయి. గంతులయ్య మెల్లమెల్లగా మారిపోయాడు.

మొదట తలకి పాగా చుట్టాడు. దారిలో కుండ కనిపిస్తే, "క్షమించాలి" అని దానికి దణ్ణం పెట్టి పక్క నుంచి వెళ్లడం మొదలెట్టాడు. ఆ తరవాత అతని పక్కింట్లోకి ఒక కోడిపెట్ట దిగింది. ఏ పందెంలోనైనా దండ కోడిపెట్ట మెడలోనే పడేది. గంతులయ్య మూతి మూరెడు ముడిచి, "నాకెందుకులే దండ, దురద పుడుతుంది" అని గొణుక్కునేవాడు.

గుబురన్నకి ఒళ్లు మండిపోయింది.

"ఇతను గంతులయ్య కాడు! గంతులయ్య తోలు కప్పుకున్న వేరే ఎవడో! గంతులయ్యంటే తన్నాలి!" అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నవ్వలేదు.

ఒక ఆట అయింది. నవ్వలేదు. రెండో ఆట అయింది. ఊహూఁ. మూడో ఆటకి పూర్తిగా తెరవైపు వీపు పెట్టేశాడు.

ఆయన నవ్వకపోతే ఇంకెవరు నవ్వుతారు? కుందేళ్లు తమ చెవుల్ని తామే నోట్లో కుక్కుకున్నాయి. ఏనుగు తొండానికి ముడి వేసుకుంది. మినుకు రెండు అరచేతులతో నోరు మూసుకుంది. గుహలో చీమ నడిస్తే అడుగుల చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం!

ఆ నిశ్శబ్దం దీపాల వెనకున్న సూదమ్మకి కూడా వినిపించింది. మూడో ఆట అవగానే ముందుకొచ్చి నిలబడింది.

"నా బొమ్మల్లో పస అయిపోయినట్టుంది. ఎవ్వరికీ నవ్వు రావట్లేదు. కొండ అవతల మా అక్క ఉంది, అక్కడికి పోతాను. రేపటి ఆటే ఆఖరు."

మినుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "తాతా, గంతులయ్య ఇంక రాడా?"

గుబురన్న గొంతు సవరించుకున్నాడు. "పోయేదేదో పో సూదమ్మా. పోయేముందు మా పాత గంతులయ్యను ఒక్కసారి వెయ్యి. ఆ ఏనుగును తంతే వెళ్లి చంద్రుడి మీద పడుతుంది చూడు, అది! అది కదా కార్టూన్ అంటే!"

సూదమ్మ తెల్లబోయింది. "ఏనుగా? నేను గంతులయ్య పక్కన ఏనుగును ఎప్పుడు గీశాను?"

"ఎప్పుడేమిటి! ఒకటా రెండా, ఏనుగుల మందనే తన్నాడు! చంద్రుడి మీద చోటు చాలక రెండు కిందికి జారాయి కూడా. నా కళ్లతో చూశాను!"

"సరే అన్నా. ఆ ఆకులు దాచే ఉంచాను. రేపు నువ్వే చూద్దువుగాని."

మర్నాడు అడవి అడవంతా వచ్చింది. చోటు చాలక తొండలు గోడలకి అంటుకున్నాయి, నెమళ్లు ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి. తుర్రి చక్రం తిప్పింది.

గంతులయ్య వచ్చాడు. కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. ఒక చెవి పొడుగు, ఒకటి పొట్టి. ఎదురుగా ఒక కుండ. వెనక్కి తిరిగి తన్నాడు. గురి తప్పింది. వెల్లకిలా పడ్డాడు. ఆ అదురుకి కుండ ఎగిరొచ్చి తలకి బిగుసుకుంది. కుండలోంచి "ఓండ్ర్" అన్నాడు.

అయిపోయింది.

ఎంత త్వరగా అంటే, గుబురన్న ఇంకా కూర్చుంటూనే ఉన్నాడు.

"ఏనుగులేవి? చంద్రుడేడి? ఆకులు రాలిపోయాయా సూదమ్మా?"

"ఒక్కటీ రాలలేదు. మొదటి నుంచీ ఇంతే అన్నా. మిగతాదంతా నువ్వు ఏటికేడాది కలుపుకుంటూ వచ్చావు."

గుబురన్న మళ్లీ బండ వంక చూశాడు. ఏనుగుల్లేవు. కుండలోంచి వచ్చిన ఆ "ఓండ్ర్" మాత్రం చెవిలో గిలిగింతలు పెడుతోంది. ఆపుకోలేక "హొహ్హొహ్హో" అనేశాడు. అనగానే గుహంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. ఆగడం కూడా ఆయన ఆగగానే, కత్తితో కోసినట్టు ఆగింది.

గుబురన్నకి అదేదో వింతగా అనిపించింది. వెనక్కి తిరిగి చూశాడు. అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు.

మినుకు ఆయన చెవి దగ్గరకి జరిగి గుసగుసలాడింది. "తాతా, మొన్నటి కోడిపెట్ట బొమ్మ మళ్లీ వేస్తే, నువ్వు ఒక్కసారి నవ్వవా? ఆపుకుని ఆపుకుని నాకు కడుపునొప్పి వచ్చింది."

"ఆపుకోవడమేమిటే? దానికి నీకు నవ్వొచ్చిందా?"

"రాకేం! నువ్వు నవ్వవు కదా మరి, అందుకని మింగేశాను."

"నీకొక్కదానికేనా?" అంటూ గుబురన్న చుట్టూ చూశాడు.

అందరూ నేల చూపులు చూశారు. ఒక ముసలి కుందేలు మాత్రం తెగించింది. "గుబురన్నా, ఏమీ అనుకోకు. మూడు ఆటల నవ్వు లోపలే ఉండిపోయింది. ఆ ఏనుగును చూడు, ఉబ్బిపోయి గుహలో పట్టట్లేదు. ఇంకో పూట ఆగితే పేలుతుంది."

గుబురన్న మొహం అంత బొచ్చులోనూ ఎర్రబడింది. ఇప్పుడాయన ముందు రెండే దారులు ఉన్నాయి. తన పంతం నిలుపుకుని సూదమ్మను సాగనంపడం ఒకటి. అందరి ముందూ తప్పు ఒప్పుకోవడం ఒకటి. ఆయన లేచి నిలబడ్డాడు.

"సూదమ్మా! నీ బొమ్మల్లో పస ఎక్కడికీ పోలేదు. వీళ్ల నవ్వు నా భయానికి ఆగిపోయింది. కొత్త గంతులయ్యను నేను అసలు చూడనే లేదు. అలిగి కూర్చున్నాను. పాగావాడినీ, మూతిముడుపువాడినీ, అందరినీ వరసగా వెయ్యి. ఇప్పుడు చూస్తాను. కానీ ఒక్కటి చెప్పు. వాణ్ణి ఎందుకు మార్చావు?"

సూదమ్మ ముళ్లు సర్దుకుంది. "ఎన్నాళ్లని కుండల్ని తన్నిస్తాను అన్నా? గీసి గీసి వాడితో నాకు చనువు పెరిగింది. తన్నేముందు వీడు ఏమనుకుంటాడా అని ఒకరోజు ఆలోచించాను. అప్పుడు పాగా పెట్టాను. తన్నాలని ఉండీ తన్నలేకపోతే వీడి మొహం ఎలా ఉంటుందా అని ఇంకోరోజు ఆలోచించాను. అప్పుడు కోడిపెట్ట వచ్చింది. ఇదంతా ఆ గంతులయ్యే. కాస్త లోపలి నుంచి గీశానంతే."

తుర్రి చక్రం తిప్పింది. పాగా గంతులయ్య కుండకి దణ్ణం పెట్టి తప్పుకోబోయి, పాగా కొస కొమ్మకి చిక్కుకుని గుండ్రంగా తిరిగి, మళ్లీ ఆ కుండ ముందుకే వచ్చాడు. మళ్లీ దణ్ణం పెట్టాడు. మళ్లీ అక్కడికే వచ్చాడు. గుబురన్న నవ్వాడు. గుహ నవ్వింది. నవ్వీ నవ్వీ ఆయన కళ్ల నుంచి నీళ్లు ధారకట్టాయి. ఆ ధారలో ఒక పీత ఈదుకుంటూ పోయిందిట!

తరవాత కోడిపెట్ట బొమ్మ మొదలైంది. దండ కోడిపెట్టకి పడింది. గంతులయ్య పళ్లు కొరికి, చాన్నాళ్లకి మళ్లీ కాలెత్తాడు. గుహంతా ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడే గుబురన్న కళ్లు తుడుచుకోవడానికి తల వంచాడు.

"కిక్కిక్కిక్కీ!"

మినుకు! ఆయనకంటే ముందు నవ్వేసింది!

గుహ గడ్డకట్టిపోయింది. కోతులన్నీ తోకలు గట్టిగా పట్టుకున్నాయి. గుబురన్న మెల్లగా తల తిప్పి మినుకుని చూశాడు.

"ఏమయిందే? ఏమయింది? నేను కళ్లు తుడుచుకుంటుంటే అయిపోయిందా? తుర్రీ! ఆపు! వెనక్కి తిప్పు, వెనక్కి తిప్పు!"

తుర్రి వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకి తిప్పింది. కాలెత్తిన గంతులయ్యకి నడుం పట్టేసింది. కాలు గాలిలోనే ఉండిపోయింది. కోడిపెట్ట వచ్చి, ఆ కాలికి తన దండ తగిలించి వెళ్లిపోయింది. గంతులయ్య ఆ దండ వంక చూశాడు, మన వంక చూశాడు. "అబ్బే, దురదేం లేదు" అన్నాడు.

ఈసారి గుహలో ఎవరికి ఎప్పుడు నవ్వొస్తే వాళ్లు అప్పుడు నవ్వారు. కుందేళ్లు ముందు, ఏనుగు తరవాత, తాబేళ్లకి అర్థమయ్యేసరికి కాస్త ఆలస్యం. అందరికంటే ఆఖరున మొదలెట్టి, అందరికంటే ఆఖరున ఆపినవాడు గుబురన్న. ఆ నవ్వు కొండ అవతల సూదమ్మ వాళ్ల అక్కకి కూడా వినిపించి, ఏమిటో చూద్దామని ఆవిడే మూట కట్టుకుని ఇటు బయల్దేరింది. సూదమ్మ మాత్రం కట్టిన మూట విప్పేసి, కొత్త రావి ఆకుల్ని నీళ్లలో నానబెట్టింది.

నీతి: మనం ఇష్టపడ్డవాళ్లు మారిపోయారని అలిగి మొహం తిప్పుకోకూడదు, వాళ్లని మళ్లీ కొత్తగా చూడాలి. మనకి నవ్వు రాలేదని పక్కవాళ్ల నవ్వు ఆపకూడదు.